తండ్రీకొడుకుల మధ్య మూడెకరాలు

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 44 ఏళ్లు. పెళ్లయిన నాటి నుంచి భర్తతో కలిసి మూడెకరాలు సాగు చేస్తున్నారు. రెండెకరాల్లో ఏటా మొక్కజొన్నే. బావి పక్కన అరెకరంలో కూరగాయలు, మరో అరెకరంలో పశుగ్రాసం వేస్తారు. ఒక ఆవు, నాలుగు మేకలు ఉన్నాయి. ఒకప్పుడు రెండు బస్తాల ఎరువుతో పండిన చేనికి ఇప్పుడు ఐదు బస్తాలు పోస్తున్నా, రెండెకరాలకూ కలిపి నాలుగు టన్నుల గింజ దాటడం లేదు. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. వాన కురిస్తే సాళ్లలో రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి, ఆరితే పైన పెంకు కడుతుంది. "పోయిన కోత తర్వాత ఒక మొదలు పీకి చూశాను. వేరు జానెడు లోతు దిగి, అక్కడ గోడ తగిలినట్టు పక్కకు తిరిగింది. ఎంత వెతికినా ఒక్క వానపాము కనబడలేదు" అని రాశారు.

అసలు బాధ ఇంట్లో ఉంది. 21 ఏళ్ల కొడుకు మూడు వారాల శిక్షణకు వెళ్లి వచ్చాడు. ఈ పంట నుంచే ఒక్క బస్తా ఎరువు కొనవద్దని, ఒక్క చుక్క పురుగుమందు కొట్టవద్దని పట్టుబట్టాడు. తండ్రి ససేమిరా అన్నారు. ఆరేళ్ల కిందట ఎవరో చెప్పిన మాట విని ఆయన ఒకసారి ఎరువు మానేశారు. ఎండిన చొప్పనంతా దుక్కిలో కలిపి విత్తారు. నెల దాటేసరికి కింది ఆకులు కొన దగ్గర పసుపెక్కి, నడిమి ఈనె వెంట లోపలికి ఎండుకొచ్చాయి. పంట సగానికి పడిపోయింది. ఆ ఏడు చేసిన అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు మళ్లీ కొత్త అప్పు ఉంది, కోత కాగానే కట్టాలి. ఈలోగా ఒక వ్యాపారి వచ్చి మూడెకరాల్లోనూ తాను చెప్పిన ఒకే పంట ఐదేళ్లు వేస్తే విత్తనం, ఎరువు, మందులు తానే ఇచ్చి పంట కొంటానని, ఖర్చులు చివర్లో మినహాయించుకుంటానని ఒప్పంద పత్రం చేతికిచ్చి వెళ్లాడు. తండ్రీకొడుకులు రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఒకరి మాట ఇంకొకరికి ఈమే చేరవేస్తున్నారు. "ఇద్దరిలో ఎవరి మాట వినాలో మీరే చెప్పండి. ఎవరి మాట విన్నా రెండోవారి మనసు విరుగుతుంది" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం పక్కకు తిరిగిన వేరు గురించి రాసినది. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఎరువు వేయాలా వద్దా అని వాదించుకుంటున్న సమయంలో మీరు వంగి ఒక మొదలు పీకి చూశారు. మీ చేను ఇన్నేళ్లుగా చెప్పాలనుకుంటున్న సంగతి ఆ వేరులో ఉంది. నేను కూడా అక్కడే మొదలుపెడతాను.

జానెడు లోతున వేరుకు అడ్డం పడినది గట్టిపడిన మట్టి పొర. ఏళ్ల తరబడి ఒకే లోతులో దున్నుతూ ఉంటే, తడి ఆరకుండానే ట్రాక్టరును చేలో దించుతూ ఉంటే, నాగలి కర్రు ఆగిన చోట మట్టి అదిమి అదిమి పలకలా తయారవుతుంది. నీరు దాన్ని దాటి కిందికి ఇంకదు, అందుకే మీ సాళ్లలో రెండు రోజులు నిలుస్తోంది. వేరు దాన్ని దాటి దిగదు, అందుకే వారం రోజులు ఎండ కాస్తే పైరు వాలిపోతుంది. మీరు ఐదు బస్తాలు వేసినా, ఆరు వేసినా, అందుకోవలసిన వేరు ఆ జానెడు మట్టిలోనే మసలుతోంది. ఏటా ఒకే పైరు, తిరిగి చేరేది తక్కువ. కుళ్లిన ఆకు, వేరు, పేడల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం కరిగిపోతే మట్టి రేణువులను పట్టి ఉంచే జిగురు పోతుంది, పైన పెంకు కడుతుంది. కాబట్టి ఎరువు పెంచుకుంటూ పోతే మేలు జరగదు. ఈ విషయంలో మీ అబ్బాయి సరిగ్గానే పసిగట్టాడు. అయితే ఎరువు మానేసినంత మాత్రాన ఆ పొర కరగదు. అక్కడ మీవారి భయానికి బలముంది.

మీవారి ఆరేళ్ల కిందటి అనుభవం గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. ఆ గాయం మానకపోతే మీ ఇంట్లో ఏ మాటా ముందుకు సాగదు. కింది ఆకుల కొనలు పసుపెక్కడం, ఆ పసుపు నడిమి ఈనె వెంట లోపలికి పాకడం మొక్కజొన్నలో నత్రజని చాలలేదనడానికి గుర్తు. మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని పీల్చి లేత ఆకులకు పంపుకుంటుంది, అందుకే కిందివి ముందు ఎండుతాయి. ఆ ఏడు ఎందుకు చాలలేదు? ఎండిన మొక్కజొన్న చొప్పలో కర్బనం దాదాపు 60 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు సుమారు 24 పాళ్లకు ఒక పాలు కావాలి. ఆ లోటును అవి మట్టిలో ఉన్న కాస్త నత్రజనితో పూడ్చుకుంటాయి. చొప్ప కుళ్లిపోయాక కొన్ని వారాలకు తిరిగి వదులుతాయి గానీ, ఆ వారాల్లోనే మీ పైరు ఎదగవలసి ఉంది. ఒకపక్క చొప్పను కలిపి, మరోపక్క ఎరువు ఆపేసి, మీవారు తెలియక పైరుకు రెండువైపులా తలుపు మూసేశారు. తప్పు ఆయన చేతకానితనంలో లేదు. సగం మాత్రమే చెప్పి వెళ్లిపోయిన ఆ సలహాదారుది తప్పు. ఈ సంగతి మీ అబ్బాయి తన నోటితో తండ్రికి చెప్పగలిగితే బాగుంటుంది. "నీకు రాదు" అనడానికీ "నీకు సగమే చెప్పారు" అనడానికీ చాలా దూరం ఉంది.

ఇప్పుడు మీ అబ్బాయితో కూర్చుని వేయవలసిన లెక్క. ఒక టన్ను మొక్కజొన్న గింజ పండాలంటే పైరు నేల నుంచి సుమారు 20 కిలోల నత్రజని తీసుకోవాలి. మీ నాలుగు టన్నులకు 80 కిలోలు. ఆవు పేడ, మేకల ఎరువు అంతా కలిపి మాగబెడితే ఏడాదికి ఐదు టన్నులు వస్తుందనుకుందాం. మాగిన పశువుల ఎరువులో నత్రజని దాదాపు అర శాతం. అంటే మొత్తం 25 కిలోలు. అందులో మొదటి పంటకు అందేది మూడో వంతు, ఎనిమిది కిలోలు. మిగతాది తర్వాతి ఏళ్లలో మెల్లగా వస్తుంది. నేల తన వంతుగా కొంత ఇస్తుంది గానీ, సేంద్రియ పదార్థం అడుగంటిన నేల దగ్గర ఇవ్వడానికి పెద్దగా మిగలదు. 80 ఎక్కడ, ఎనిమిది ఎక్కడ! ఈ లోటు ఎలా పూడుతుందో చెప్పకుండా రెండెకరాల్లోనూ ఒకేసారి ఎరువు ఆపమనడం సాహసం కూడా కాదు, ఇంటిల్లిపాదినీ పణంగా పెట్టడం.

పశువుల ఎరువుతో పంట పండదని నేను అనడం లేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ మీద ప్రయోగం నడుస్తోంది. పశువుల ఎరువు మాత్రమే వేసిన మడి అక్కడ రసాయన ఎరువు వేసిన మళ్లతో దీటుగా పండింది. ఏమీ వేయని మడి కూడా ఏటా ఎంతో కొంత గింజ ఇస్తూనే ఉంది, కాకపోతే హెక్టారుకు ఒక టన్ను చుట్టూ. అయితే ఆ పశువుల ఎరువు మడికి వేసింది ఎంతనుకున్నారు? ఏటా హెక్టారుకు 35 టన్నులు. ఎకరానికి 14 టన్నులు. మీరు ఉన్న పశువుల ఎరువును చేనంతా పలచగా చల్లుతున్నామని రాశారు. మనం అనుకున్న ఐదు టన్నులను రెండెకరాలకు చల్లితే ఎకరానికి రెండున్నర టన్నులు. అదే ఐదు టన్నులూ ఒక్క అరెకరంలో పోస్తే ఎకరానికి పది టన్నుల లెక్కన పడుతుంది. అక్కడ నేల మారడం కంటికి కనబడుతుంది. నా సలహాలన్నిటికీ మూలం ఈ చిన్న లెక్కే.

ఒక దేశం మొత్తం మీ అబ్బాయి కోరినట్టే చేసి చూసింది. శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. బదులు ఇవ్వడానికి సరిపడా సేంద్రియ ఎరువు దేశంలో లేదు, రైతులకు సమయం ఇవ్వలేదు. వరి దిగుబడి బాగా పడిపోయింది, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది చివరికే నిషేధాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ విధానాన్ని రాసినవారి ఉద్దేశం ఏదైనా కావచ్చు, నష్టం మాత్రం చిన్న కమతాల మీద పడింది.

దీనికి పూర్తిగా వేరైన కథ ఇండోనేసియాది. అక్కడ వరిని సుడిదోమ అనే రసం పీల్చే పురుగు తినేస్తుంటే మందులు కొట్టేకొద్దీ దోమ పెరిగింది. దోమను తినే సాలీళ్లు, మిత్రపురుగులు మందు దెబ్బకు దోమ కంటే ముందే చచ్చిపోవడం అందుకు కారణం. 1986లో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించారు. ఆ తర్వాత మందుల మీద రాయితీలు ఎత్తేశారు. 1989 నుంచి రైతులను పాతిక మంది చొప్పున చేలోనే కూర్చోబెట్టి వారం వారం మొక్కను, పురుగును పరిశీలించే పాఠశాలలు నడిపారు. మందు బాగా తగ్గింది, దిగుబడి మాత్రం కుంగలేదు. ఈ రెండు దేశాల కథలను పక్కపక్కన పెట్టి చూడమని మీ అబ్బాయికి చెప్పండి. అనవసరంగా కొట్టే పురుగుమందు మానేస్తే చేలో ఉన్న సాలీడు ఆ పని అందుకుంటుంది. నత్రజని మానేస్తే ఆ పని అందుకోవడానికి చేలో ఎవరో ఒకరు ముందే సిద్ధంగా ఉండాలి. అంటే మందు త్వరగా తగ్గించవచ్చు, ఎరువు నిదానంగా తగ్గించాలి. అబ్బాయి పట్టుదలను మొదట మందు డబ్బా వైపు తిప్పండి. వారానికి రెండుసార్లు చేలో నడిచి, ఇరవై మొక్కలు చూసి, పురుగెన్ని, సాలీళ్లెన్ని అని నోటు పుస్తకంలో రాయడం అతని పని. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

ఇక మీ ముందున్న దారులు. ఉన్నది ఉన్నట్టుగా సాగించడం ఒకటి. ఈ ఏటికి అప్పు తీరుతుంది. కానీ ఏటా ఒక బస్తా పెరుగుతూ, పంట అక్కడే ఉంటూ పోతే ఖర్చు పంటను ఎప్పుడు మింగేస్తుందో మీ చిట్టా చూసి మీరే చెప్పగలరు. అబ్బాయి కూడా అప్పటిదాకా ఆ చేలో ఉండడు. రెండోది మొత్తం ఒకేసారి మార్చడం. పంట సగానికి పడితే రెండు టన్నులు పోతాయి. అప్పు, తిండి, తండ్రీకొడుకుల బంధం, మూడూ ఒకే పంటకు తాకట్టు పడతాయి. అది తప్పని నేను శాసించలేను గానీ, చేతిలో ఏడాదికి సరిపడా గింజలున్న ఇంటికి తగిన దారి అది. అప్పున్న ఇంటికి తగదు.

మూడోది చేనును విడదీయడం. ఒకటిన్నర ఎకరం మీవారి చేతిలో, అరెకరం మీ అబ్బాయి చేతిలో, మూడేళ్ల మాట మీద. అప్పు తీర్చేది ఆ ఒకటిన్నర ఎకరమే, అందులో ప్రయోగాలు వద్దు. అబ్బాయి అరెకరంలో పంట సగమైనా పోయేది అర టన్ను, మీ మొత్తంలో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతును తట్టుకోగలమా అని ముగ్గురూ కూర్చుని ముందే తేల్చుకోండి. తట్టుకోలేమంటే పావు ఎకరంతో మొదలుపెట్టండి, చిన్నతనం ఏమీ లేదు. ఏ మడి ఇవ్వాలో తండ్రి నిర్ణయించాలి, అందులో ఏం చేయాలో కొడుకు నిర్ణయించాలి. ఒకరి మడిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. కోత రోజు రెండింటి గింజనూ వేరువేరుగా తూచాలి. తూకం వేసేది మీరు.

అరెకరంలో మొదటి ఏడు ఏం చేయవచ్చు? పశువుల ఎరువంతా అక్కడే వేయండి. కొన్న ఎరువును ఈ ఒక్క ఏడు సగానికి తగ్గించండి, సున్నా చేయవద్దు. మొక్కజొన్న సాళ్ల మధ్య కంది విత్తండి. ఆఫ్రికాలోని మలావీలో చిన్న రైతులు ఈ జత పంటనే వేస్తారు. కంది మొదట్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మొక్కజొన్నతో పోటీ పడదు. కంకులు విరిచాక వెలుతురు దొరికి ఏపుగా లేస్తుంది. దాని తల్లివేరు లోతుగా దిగి, మీ గట్టి పొరలో ఎక్కడ పగులుంటే అక్కడ దూరుతుంది. రాలిన ఆకు నేలకు చేరుతుంది. పప్పుజాతి మొక్కలు బాగా పెరిగితే ఒక టన్ను ఎండు ఆకు, కొమ్మకు దాదాపు 20 కిలోల నత్రజనిని గాలి నుంచి తెచ్చి పెడతాయి. అయితే ఇందులో పెద్ద భాగం గింజతో పాటు ఇంటికి వచ్చేస్తుంది. ఆకు, కొమ్మ నేలలో ఎంత మిగిల్చారన్నదే లెక్క. కందికి నీళ్లు నిలిస్తే పడదు, కాబట్టి మీ చేలో ఎత్తుగా ఉన్న మడినే ఎంచుకోవాలి.

చొప్ప విషయంలో ఒక చిక్కుంది. నేలకు కావాలి, ఆవుకూ కావాలి. పుస్తకాలు రాసేవారు చాలామంది ఆవును మరచిపోతారు. ఆ అరెకరం వరకు చొప్పను దున్నకుండా పైన పరిచి వదిలేయండి, మట్టిలో కలపకపోతే ఆరేళ్ల కిందటి నత్రజని దెబ్బ అంతగా తగలదు. మిగతా చొప్ప ఆవుకే పోనివ్వండి, అది పేడగా మళ్లీ అరెకరానికే వస్తుంది. కాండం తొలిచే పురుగు బాధ ఎక్కువగా ఉంటే కెన్యాలో పుట్టిన ఒక పద్ధతి ఉంది. మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం, చేను చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. మొదటిది తన వాసనతో రెక్కల పురుగును తరిమితే, రెండోది తనవైపు లాక్కుంటుంది. ఆ రెండూ ఆవుకు మేత అవుతాయి. డెస్మోడియం విత్తనం దొరకడం కష్టం, మొదటి ఏడు దానికి కలుపు తీయడం ఇంకా కష్టం. అందుకే దీన్ని రెండో ఏటికి ఉంచండి.

మీవారి ఒకటిన్నర ఎకరంలో కూడా ఒక మార్పు ఆయన ఒప్పుకుంటే ఖర్చు లేకుండా జరుగుతుంది. ధాన్యపు పంటలకు వేసే నత్రజనిలో ప్రపంచమంతటా సగానికి పైగా పైరుకు అందకుండానే పోతుంది. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో కొట్టుకుపోతుంది. ఎరువును ఒకటి రెండుసార్లు పైన చల్లేయడం మాని, అదే మొత్తాన్ని మూడు దఫాలుగా, మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో గుంట తీసి వేసి మట్టి కప్పితే ఎక్కువ అందుతుంది. సాళ్లలో నీళ్లు నిలిచిన రోజు మాత్రం వేయవద్దు. మట్టి పరీక్ష కూడా చేయించండి. చేనంతా వంకరటింకరగా నడుస్తూ పదిహేను ఇరవై చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అందులో అర కిలో పంపాలి. భాస్వరం ఇప్పటికే నిండా ఉందని తేలితే ఒక బస్తా అక్కడే మిగులుతుంది. జింకు లాంటిదేదో లోపించిందని తేలితే మీ ఎనిమిదేళ్ల ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

వ్యాపారి ఒప్పందం మాట. అదంతా మోసమని నేను అనను, అమ్మకం ఖాయంగా ఉండటం చిన్న రైతుకు చాలా పెద్ద భరోసా. కానీ మూడెకరాలూ, ఒకే పంట, ఐదేళ్లు అన్న మూడు మాటలు కలిసి వచ్చిన చోట నాకు భయం వేస్తోంది. వాన చెడి పంట పోతే ఇచ్చిన విత్తనం, ఎరువుల బాకీ ఎవరి మీద ఉంటుంది? నాణ్యత తక్కువని సరుకు తిప్పి పంపే అధికారం ఎవరిది, తూకం ఎవరి కాటా మీద? ధర ఇప్పుడే రాస్తారా, కోత నాటి ధర అంటారా? డబ్బు ఎన్ని రోజుల్లో? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు లేకపోతే సంతకం వద్దు. జవాబులు బాగుంటే ఒక అరెకరం, ఒక ఏడు అని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే అతనికి కావలసింది మీ పంట ఒక్కటే కాదని అర్థమవుతుంది.

ఇప్పటిదాకా మీ ఇద్దరు మగవాళ్ల గురించే రాశాను. మీ ఆరు పేజీల్లో వాళ్ల మాటలున్నాయి, మీ అభిప్రాయం ఎక్కడా లేదు. మీ అబ్బాయి పథకంలో పేడ ఎత్తేది, మాగబెట్టేది, తిరగేసేది, అంతర పంటలో చేత్తో కలుపు తీసేది ఎవరు? కొనే సరుకు తగ్గినప్పుడు ఆ చోటును మనిషి కష్టంతో నింపవలసి వస్తుంది. చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లి. అరెకరానికి వారంలో ఎన్ని గంటలు ఎవరు పెడతారో ముందే రాసుకోండి, కలుపు రోజుల్లో తండ్రీకొడుకులిద్దరూ వంగాలి. ఒకే పరిమాణం ఉన్న కమతాల్లో మహిళలు నడిపేవాటి ఉత్పాదకత 24 శాతం తక్కువగా ఉందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో లెక్కగట్టింది. భూమి హక్కు, అప్పు, శిక్షణ, ఎరువు ఏదీ వారికి సమానంగా అందకపోవడం అందుకు ముఖ్య కారణం. మీ విషయంలో శిక్షణకు వెళ్లింది అబ్బాయి, అప్పు పత్రం మీద సంతకం మీవారిది. వేరును పీకి చూసింది మీరు. వచ్చే శిక్షణకు మీరు వెళ్లండి. తూకం మీరే వేయాలని అన్నది కూడా అందుకే.

ఇంకొక్క మాట చెప్పాలి. నేలను కాపాడాలి, భూమిని తరువాతి తరానికి అందించాలి అని అందరూ అంటారు, నేనూ అంటాను. ప్రపంచంలోని కమతాల్లో 84 శాతం రెండు హెక్టార్ల లోపువే. ఉన్న సాగుభూమిలో వాటి చేతిలో ఉన్నది 12 శాతం, వాటి నుంచి వచ్చే ఆహారం మొత్తంలో దాదాపు 35 శాతం. మీ మూడెకరాలు ఆ లెక్కలో ఉన్నాయి. ఇంత మందికి తిండి పెట్టేవాళ్లనే నేలను బాగుచేసే ఏళ్ల నష్టాన్ని కూడా ఒంటరిగా భరించమనడం న్యాయం కాదు. మారమని చెప్పేవారు ఆ మూడేళ్ల లోటులో పాలు పంచుకోవాలి. మార్పుకు సాయమిచ్చే పథకం ఏదైనా మీ దగ్గరికి వస్తే, డబ్బు మొదటి ఏడే ఇస్తారా, మూడేళ్లూ ఇస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. మీవారి జాగ్రత్తను వెనకబాటుతనం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మీ అబ్బాయి తొందరను పిల్లచేష్ట అంటే అది కూడా ఒప్పుకోకండి. ఒకరు ఈ కోత గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు ఇరవయ్యో కోత గురించి. రెండూ మీకు కావలసినవే.

మరి రెండు నెలల మౌనాన్ని ఎలా కదిలించాలి? కూర్చోబెట్టి మాట్లాడించవద్దు, మళ్లీ పాత మాటలే వస్తాయి. ఇద్దరికీ ఒక పని పెట్టండి. వాన పడి మూడు రోజులు ఆరాక, మొక్కజొన్న చేను నడుమ మోకాలి లోతు గొయ్యి తవ్వమనండి. పార ఎక్కడ ఠంగుమని ఆగుతుందో ఇద్దరి చేతులకూ తెలుస్తుంది. గోడను కత్తి మొనతో పైనుంచి కిందికి గుచ్చుతూ రమ్మనండి. జానెడు దగ్గర మొన దిగదు, దాన్ని దాటాక మళ్లీ మెత్తగా దిగుతుంది. ఆ తర్వాత రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఏళ్లుగా నాగలి తగలని గట్టు మీది మట్టిపెళ్ల ఎండినది ఒకటి, చేలోది ఒకటి, ఉసిరికాయంత సైజువి, మెల్లగా వదలండి. గట్టు మట్టి చాలాసేపు ఆకారం చెడకుండా నిలబడుతుంది. చేలో మట్టి మీరు చూస్తుండగానే బుడగలు వదిలి, అంచులు జారి, బురదగా కిందికి కూర్చుంటుంది. ఒక చేను మట్టే, గట్టు మీద ఒకలా, చేలో ఒకలా ఉంది. అది చూశాక ఎవరిది తప్పు అన్న మాట రాకపోవచ్చు. వచ్చినా మీరు నడుమ వార్తలు మోయకండి, గొయ్యి పక్కనే ఇద్దరినీ తేల్చుకోనివ్వండి.

గట్టి పొర పలచనిదైతే కంది వేళ్లకు వదిలేయవచ్చు. మందంగా ఉంటే నేల బాగా ఎండిన రోజుల్లో ఒక్కసారి ఆ పొర కింది దాకా లోతు దుక్కి చేయించి, వెంటనే లోతు వేరు పైరు వేయాలి, లేకపోతే రెండేళ్లలో మళ్లీ పూడుకుపోతుంది. లోతు దుక్కికి అద్దె ఖర్చు ఉంటుంది, అది కూడా ఆ అరెకరానికే ముందు. గొయ్యిలోకి మీరు కూడా దిగండి. పొర ఎన్ని అంగుళాల దగ్గర మొదలైందో, ఎంత మందం ఉందో కొలిచి మళ్లీ ఉత్తరం రాయండి. ఏ మడి ఇవ్వడానికి మీవారు ఒప్పుకున్నారో కూడా రాయండి.